గడువు ముందే రాసి ఉన్న చోట సంస్కరణ: హాంకాంగ్ అనుభవం (ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, సభికులకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను హాంకాంగ్ గురించి మాట్లాడదలచుకున్నాను. 1997 జూన్ 30 అర్ధరాత్రి వరకు బ్రిటన్ ఏలుబడిలో ఉండి, ఆ మరుక్షణం నుంచి చైనా సార్వభౌమాధికారం కిందికి వెళ్లిన ఆ భూభాగంలో, చివరి పదిహేనేళ్లలో ప్రజాప్రాతినిధ్యాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలని ఒక ప్రయత్నం జరిగింది. ఆ ప్రయత్నం ఎందుకు మొదలైంది, ఎక్కడ ఆగింది, ఆగడానికి కారణాలేమిటి అన్నది పరిశీలించడం నా ఉద్దేశం. మనకు తెలిసిన వలస చరిత్రలలో వెళ్లిపోయే పాలకులు, అధికారం అందుకునే ప్రజలు అని రెండు పక్షాలే ఉంటాయి. హాంకాంగ్‌లో మూడు పక్షాలున్నాయి: వెళ్లిపోయే బ్రిటన్, రాబోయే చైనా, ఆ రెండింటి మధ్య 1984 నాటికి యాభై లక్షలు దాటిన స్థానిక ప్రజలు. చేతులు మారుతున్న అధికారం ఆ ప్రజల చేతికి రావడం లేదు. ఈ ఒక్క తేడా దృష్టిలో లేకుండా అక్కడి సంస్కరణలను అంచనా వేయలేమని నా అభిప్రాయం.

సంస్కరణ నెమ్మదిగా సాగడమే తప్పని నేను అనను. అనేక దేశాలలో అది నెమ్మదిగానే సాగింది. కాని ఒక్కొక్క దశ మీద నిలబడి తరువాతి దశను కోరాలంటే రెండు విషయాలు అవసరం. తరువాతి దశను వాగ్దానం చేసినవారు ఆనాటికి అక్కడ ఉండాలి. ఇప్పటి దశ వల్ల ప్రత్యేక లాభం పొందినవారికి తరువాతి దశను ఆపగలిగే అధికారం ఉండకూడదు. హాంకాంగ్‌లో ఈ రెండూ లేవు.

ముందుగా గడువు సంగతి చెప్పాలి. హాంకాంగ్ ద్వీపం 1842 నాంకింగ్ ఒప్పందంతో, కౌలూన్ 1860లో శాశ్వతంగా బ్రిటన్‌కు దక్కాయి. వాటికి ఆనుకుని ఉన్న న్యూ టెరిటరీస్ మాత్రం 1898 జులై 1 నుంచి 99 ఏళ్ల కౌలు మీద వచ్చాయి. మొత్తం భూభాగంలో పదింట తొమ్మిది వంతులు ఈ కౌలు నేలే కాబట్టి, అది వెనక్కి పోతే మిగిలినది విడిగా బతకలేదని అందరికీ తెలుసు. అంటే ఆ వలస రాజ్యానికి ముగింపు తేదీ దస్తావేజులోనే రాసి ఉంది. అంత స్పష్టమైన గడువు ఎదురుగా ఉన్నా, 1843లో ఏర్పడిన శాసన మండలిలో 1985 వరకు ఎన్నికైన సభ్యుడు ఒక్కరూ లేరు. గవర్నర్ అధ్యక్షతన అధికారులు, గవర్నర్ నియమించిన పెద్దమనుషులు కూర్చుని చట్టాలు చేసేవారు. ఎన్నిక అన్నది అర్బన్ కౌన్సిల్ అనే పురపాలక సంస్థలోని కొన్ని స్థానాలకే పరిమితం. వాటికి కూడా ఓటు హక్కు కొద్దిమందికే ఉండేది.

అవకాశమే రాలేదనుకుంటే పొరపాటు. జపాన్ ఆక్రమణలో యుద్ధఖైదీగా గడిపి 1946లో తిరిగివచ్చిన గవర్నర్ మార్క్ యంగ్, ప్రజలు ఎన్నుకునే పురపాలక సభ ఒకటి ఏర్పాటు చేసి, స్థానిక పాలనలో గణనీయమైన భాగాన్ని దానికి అప్పగించాలని ప్రతిపాదించాడు. ఆ మరుసటి ఏడు వచ్చిన అలెగ్జాండర్ గ్రాంథామ్‌కు ఆ ప్రతిపాదన మీద నమ్మకం లేదు. చైనాలో అంతర్యుద్ధం, 1949లో కమ్యూనిస్టుల విజయం, వెల్లువలా వచ్చిపడిన శరణార్థులు, కొరియా యుద్ధం, వీటన్నిటి మధ్య చర్చ సాగి సాగి 1952లో ప్రతిపాదన అటకెక్కింది. హాంకాంగ్‌ను స్వపరిపాలన వైపు నడిపించే ప్రయత్నాన్ని తాము సహించబోమని 1958లో చైనా ప్రధాని చౌ ఎన్‌లై బ్రిటన్‌కు తెలియజేసినట్లు బ్రిటిష్ ప్రభుత్వ పత్రాలలో ఉంది. 1972లో చైనా కోరికపై ఐక్యరాజ్యసమితి హాంకాంగ్‌ను, పోర్చుగల్ ఏలుబడిలోని మకావ్‌ను వలస భూభాగాల జాబితా నుంచి తొలగించింది. దానితో స్వాతంత్ర్యం అనే దారి అంతర్జాతీయంగా కూడా మూసుకుపోయింది. చైనా ఒత్తిడి నిజమే. అయినా 1952 నాటి నిర్ణయం బ్రిటిష్ పాలకులు తీసుకున్నదే. 1952లో పాదుకున్న ఒక పురపాలక సభకు 1982 నాటికి ముప్పై ఏళ్ల అనుభవం, తన సొంత నాయకులు, తన సొంత అలవాట్లు ఏర్పడి ఉండేవి. తరువాత జరిగిన ఏ పొరపాటు కంటే ఈ నష్టమే పెద్దదని నేను భావిస్తాను.

1979లో గవర్నర్ మెక్‌లహోస్ బీజింగ్ వెళ్లి కౌలు గడువు ప్రస్తావన తెచ్చాడు. పెట్టుబడిదారులు నిశ్చింతగా ఉండవచ్చని చైనా అగ్రనాయకుడు డెంగ్ షియావోపింగ్ అన్నాడు గాని, హాంకాంగ్ తిరిగి చైనాకు రావలసిందేనన్న మాట కూడా దాచలేదు. 1982 సెప్టెంబరులో మార్గరెట్ థాచర్ బీజింగ్ పర్యటన తరువాత చర్చలు మొదలయ్యాయి. మరుసటి ఏడు సెప్టెంబరులో హాంకాంగ్ డాలరు కుప్పకూలడంతో, అక్టోబరులో ఒక అమెరికా డాలరుకు 7.80 చొప్పున దాని విలువను ముడివేయవలసివచ్చింది. ఆ చర్చలలో హాంకాంగ్ ప్రజల ప్రతినిధికి వేరుగా కుర్చీ లేదు. మూడు కాళ్ల పీట కుదరదని చైనా నాయకులు తేల్చిచెప్పారు. బ్రిటన్ ఆ షరతుకు తలొగ్గింది. తమ బిడ్డల భవిష్యత్తు గురించిన 22 విడతల సంప్రదింపుల వివరాలను ఆ జనం బయట నిలబడి పుకార్లుగా విన్నారు. 1984 డిసెంబరు 19న సంతకాలైన ఉమ్మడి ప్రకటన, అక్కడి జీవన విధానం 50 ఏళ్లు మారదని, శాసన సభ ఎన్నికల ద్వారా ఏర్పడుతుందని చెప్పింది. ఎలాంటి ఎన్నికలన్నది మాత్రం చెప్పలేదు. తరువాతి నలభై ఏళ్ల తగాదా అంతా ఆ చెప్పకుండా వదిలిన చోటనే పుట్టింది.

సంస్కరణలు నిజానికి కింది మెట్టు నుంచే మొదలయ్యాయి. 1982లో జిల్లా బోర్డులకు ఎన్నికలు జరిగాయి. వయోజనులందరికీ ఓటు ఇచ్చిన మొదటి సందర్భం అదే. బోర్డులకు అధికారాలు లేవు, అవి సలహా సంఘాలే. అయినా ఎలివేటర్లు పనిచేయని ప్రభుత్వ గృహ సముదాయాలు, బస్సు మార్గాలు, మురుగు కాలువలు వంటి విషయాల మీద జనం తలుపు తట్టి పలకరించే కొత్త తరం రాజకీయ కార్యకర్తలు ఆ బోర్డులలోనే తయారయ్యారు.

తరువాత 1984లో చర్చ కోసం ప్రతిపాదనలతో గ్రీన్ పేపర్, దాని వెంట ప్రభుత్వ నిర్ణయాలతో శ్వేతపత్రం వచ్చాయి. వాటి ప్రకారం 1985 సెప్టెంబరులో, గవర్నర్ కాక 56 మంది ఉన్న శాసన మండలిలో 24 స్థానాలకు పరోక్ష ఎన్నికలు జరిగాయి. పన్నెండు స్థానాలను జిల్లా బోర్డులు, పురపాలక కౌన్సిళ్ల సభ్యులు నింపారు. మిగిలిన పన్నెండూ వృత్తి నియోజకవర్గాలవి: వర్తకానికి రెండు, పరిశ్రమకు రెండు, బ్యాంకులకు ఒకటి, కార్మిక సంఘాలకు రెండు, ఉపాధ్యాయులు, వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు, సమాజ సేవా సంస్థలకు ఒక్కొక్కటి చొప్పున. వర్తక, పారిశ్రామిక స్థానాలలో ఓటరు మనిషి కానవసరం లేదు, కంపెనీ కావచ్చు.

ఈ ఏర్పాటు తెలుగువారికి కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసన మండళ్లలో నేటికీ పన్నెండింట ఒక వంతు సభ్యులను పట్టభద్రులు, మరో పన్నెండో వంతును ఉపాధ్యాయులు, మూడో వంతును స్థానిక సంస్థల ప్రతినిధులు ఎన్నుకుంటున్నారు. ఇంకొంచెం వెనక్కి వెళితే, 1919 చట్టం కింద పానగల్ రాజా మంత్రివర్గం నడిపిన నాటి మద్రాసు శాసన మండలిలో జమీందార్లకు, విశ్వవిద్యాలయానికి, వర్తక సంఘాలకు వేరువేరు స్థానాలుండేవి. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ మండలి కిందివే. అయితే రెండు భేదాలు గమనించాలి. కొన్ని శాఖలు గవర్నర్‌కు, కొన్ని మంత్రులకు పంచిన ఆ ద్వంద్వ ప్రభుత్వంలో ఎంత లోపమున్నా విద్య, ప్రజారోగ్యం, స్థానిక స్వపరిపాలన శాఖలు ఎన్నికైనవారి చేతికి వచ్చాయి. ఒక శాఖ నడిపి, తప్పొప్పులకు జవాబు చెప్పుకునే అలవాటు మనవారికి 1920ల నుంచే ఉంది. హాంకాంగ్‌లో పురపాలక కౌన్సిళ్ల కిందున్న మార్కెట్లు, పారిశుధ్యం, ఆటస్థలాల వంటివి తప్ప, చివరి రోజు వరకు ఏ ప్రభుత్వ శాఖా ఎన్నికైనవారి చేతికి రాలేదు. శాసన మండలిలో ప్రాతినిధ్యం పెరిగింది గాని, కార్యనిర్వాహక అధికారం గవర్నర్ దగ్గర, ఉద్యోగవర్గం దగ్గరే ఉండిపోయింది. రెండవ భేదం ఇంకా ముఖ్యమైనది. పరిమిత ఓటు హక్కుతో ఎన్నికైన రాష్ట్ర శాసనసభలు ఎన్నుకున్న మన రాజ్యాంగ సభ, దేశంలోని వయోజనులందరికీ ఒక్కసారిగా ఓటు ఇచ్చింది. సార్వభౌమాధికారం ఆ సభ చేతికి వచ్చింది కాబట్టే అది సాధ్యమైంది. హాంకాంగ్‌లో అలాంటి సభ ఏర్పడే వీలే లేదు.

1984 శ్వేతపత్రం 1988లో కొద్ది స్థానాలకు ప్రత్యక్ష ఎన్నికలతో మొదలుపెట్టి, 1997 నాటికి వాటిని గణనీయమైన సంఖ్యకు పెంచుకుంటూ పోవాలన్న జనాభిప్రాయాన్ని నమోదు చేసింది. ఆ మాట నిలబడలేదు. 1985 నవంబరులో హాంకాంగ్‌లోని చైనా ప్రతినిధి షు జియాతున్, ఎవరో ఉమ్మడి ప్రకటన దారి తప్పుతున్నారని బహిరంగంగా హెచ్చరించాడు. అప్పటి నుంచి, 1997 తరువాత హాంకాంగ్‌కు రాజ్యాంగంగా ఉండేందుకు బీజింగ్ రాయిస్తున్న ప్రాథమిక చట్టానికి సరిపోయేట్లుగానే హాంకాంగ్ సంస్కరణలు ఉండాలన్న సూత్రాన్ని బ్రిటన్ అంగీకరించింది. 1987లో ప్రభుత్వం ప్రజాభిప్రాయం కోరింది. ప్రత్యక్ష ఎన్నికలు 1988లోనే కావాలని రెండు లక్షలకు పైగా జనం తమ గుర్తింపు కార్డు సంఖ్యలతో సహా సంతకాలు చేశారు. లెక్క కట్టిన కార్యాలయం ఆ సంతకాలను విడిగా ఒక పక్కన పెట్టి, ఎన్నికలు వద్దంటూ ముందే అచ్చు వేసి పంచిన పత్రాలను మాత్రం విడివిడి అభిప్రాయాలుగా లెక్కించింది. ఆ లెక్క మీద ఆధారపడి 1988 శ్వేతపత్రం ప్రత్యక్ష ఎన్నికలను 1991కి వాయిదా వేసింది. జనం తొందరపడటం లేదని చెప్పుకోవడానికి జనం మాటనే తారుమారుగా లెక్కించడం నాకు క్షమించరానిదిగా కనిపిస్తుంది. 1988లో మొదలై ఉంటే, 1997 లోపు రెండు మూడు ప్రత్యక్ష ఎన్నికలు ప్రశాంతంగా, ఎవరి గొడవా లేకుండా గడిచి ఉండేవి.

ఆ తరువాత తియానన్‌మెన్ వచ్చింది; బీజింగ్‌లోని ఆ కూడలిలో ప్రజాస్వామ్యం కోరిన విద్యార్థుల ఉద్యమాన్ని చైనా సైన్యం అణచివేసింది. 1989 మే, జూన్ నెలల్లో హాంకాంగ్ వీధుల్లో పది లక్షల మంది నడిచారు. ప్రాథమిక చట్టం రచనా సంఘంలో సభ్యులుగా ఉన్న మార్టిన్ లీ, సెటో వా అందులో నుంచి బయటపడ్డారు. ఈ ఇద్దరూ 1985లో న్యాయవాదుల, ఉపాధ్యాయుల వృత్తి స్థానాల నుంచే మండలికి ఎన్నికైనవారన్నది గుర్తుంచుకోదగ్గ విషయం. ఇరుకైన ఆ దారి కూడా కొందరు నిజమైన ప్రజానాయకులను లోపలికి తెచ్చింది. శాసన, కార్యనిర్వాహక మండళ్ల సభ్యులు, అంటే సహజంగా మితవాదులు, 1997కు సగం, 2003కు మొత్తం స్థానాలకు ప్రత్యక్ష ఎన్నికలుండాలని ఏకాభిప్రాయానికి వచ్చారు. కాని 1990 ఏప్రిల్ 4న వెలువడిన ప్రాథమిక చట్టంలో 60 స్థానాలకు గాను మొదటి సభలో 20, తరువాత 24, ఆపైన 30 మాత్రమే ప్రత్యక్ష స్థానాలుగా నిలిచాయి. 1991లో 18 స్థానాలకు ఎన్నికలు పెట్టాలన్న సంఖ్య కూడా బ్రిటన్, చైనా విదేశాంగ మంత్రులు రహస్యంగా రాసుకున్న ఉత్తరాలలో తేలింది. ఆ సంగతి జనానికి తెలిసింది 1992లో. 1991 సెప్టెంబరు 15న జరిగిన ఆ మొదటి ప్రత్యక్ష ఎన్నికలలో, 18 స్థానాలలో 12 ప్రజాస్వామ్యవాదుల పార్టీ అయిన యునైటెడ్ డెమొక్రాట్లకే వచ్చాయి.

1992 జులైలో క్రిస్ ప్యాటెన్ చివరి గవర్నర్‌గా వచ్చాడు. ప్రాథమిక చట్టంలోని అంకెలను ముట్టుకోకుండా, అంకెల మధ్య ఉన్న ఖాళీలను వాడుకోవాలన్నది అతని పద్ధతి. ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించాడు. జిల్లా బోర్డులలో, పురపాలక కౌన్సిళ్లలో నియామకాలు తీసివేశాడు. కంపెనీల ఓటును వ్యక్తుల ఓటుగా మార్చాడు. కొత్తగా ఏర్పడవలసిన తొమ్మిది వృత్తి నియోజకవర్గాలను ఎంత విస్తృతంగా నిర్వచించాడంటే, పనిచేసే ప్రతి మనిషికీ, సుమారు 27 లక్షల మందికి, రెండో ఓటు వచ్చింది. చైనా తీవ్రంగా స్పందించింది. హాంకాంగ్ వ్యవహారాల అధికారి లూ పింగ్ అతన్ని వెయ్యేళ్లకూ మాసిపోని పాపిగా వర్ణించాడు. 1993లో 17 విడతల చర్చలు విఫలమయ్యాయి. 1994 జూన్ చివర, ప్రతిపాదనలను నీరుగార్చే సవరణ ఒకటి ఒక్క ఓటు తేడాతో వీగిపోయి, బిల్లు నెగ్గింది. 1995 సెప్టెంబరు 17న, మొత్తం 60 మందీ ఎన్నికైనవారే ఉన్న శాసన మండలి హాంకాంగ్ చరిత్రలో మొదటిసారి ఏర్పడింది.

ప్యాటెన్ చేసినది సరైనదేనా అని ఇప్పటికీ వాదిస్తారు. చైనాతో తెగతెంపులు చేసుకున్నందువల్లే ఉన్నదీ పోయిందంటారు. 1995లో ఎన్నికైన సభ్యులు 1997 దాటి 1999 వరకు కొనసాగుతారన్న అవగాహన ఈ తగాదాతో రద్దయిన మాట నిజం. 400 మంది ఎంపిక సంఘం 1996 డిసెంబరులో ఒక తాత్కాలిక శాసన మండలిని నియమించింది. అది కొన్ని నెలల పాటు సరిహద్దు అవతల షెన్‌జెన్‌లో సమావేశమై, 1997 జులై 1 నుంచి అసలు మండలి స్థానాన్ని తీసుకుంది. పక్కనే మకావ్‌లో పోర్చుగల్ చైనాతో సర్దుకుపోయినందువల్ల, అక్కడి సభ 1999 అధికార బదిలీ తరువాత కూడా కొనసాగింది. కాని మకావ్‌లో దక్కిన కొనసాగింపు ఎంత ప్రజాస్వామ్యాన్ని కాపాడిందో చూస్తే, ప్యాటెన్ పోగొట్టినది పెద్దదేమీ కాదనిపిస్తుంది. అతని మీద నా అభ్యంతరం వేరు. ఆ పని 1985లో చేయవలసినది. గడువుకు రెండేళ్ల ముందు పుట్టిన సభ తన బలం తాను తెలుసుకునే లోపే రద్దయింది.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పి ముందుకు వెళతాను. తరతరాలుగా హాంకాంగ్‌లో స్థిరపడిన సింధీలు, సిక్కులు, పార్సీలు వంటి భారత సంతతివారు ఈ బదిలీలో చైనా పౌరులూ కాలేక, పూర్తి బ్రిటిష్ పౌరులూ కాలేక మిగిలిపోయే ప్రమాదం ఏర్పడింది. వారికి బ్రిటిష్ పౌరసత్వం ఇచ్చే చట్టాన్ని లండన్ పార్లమెంటు చేసినది 1997లో, అంటే చివరి నెలల్లో.

1997 తరువాత కథను అర్థం చేసుకోవడానికి వృత్తి నియోజకవర్గాల దగ్గరకే తిరిగి రావాలి. 1995లో ఈ నియోజకవర్గాలలో పది లక్షలు దాటిన ఓటర్ల సంఖ్య, పాత నియమాలు తిరిగి తెచ్చాక 1998లో సుమారు 1 లక్షా 39 వేలకు పడిపోయింది. ఆ కొద్దిమంది ఎన్నుకునే 30 మంది ఆనాటి మండలిలో సగం. సభ్యులు సొంతంగా తెచ్చే ఏ బిల్లయినా వృత్తి భాగంలోనూ, మిగిలిన భాగంలోనూ విడివిడిగా మెజారిటీ పొందాలన్న నియమం 2021 వరకు ప్రాథమిక చట్టం అనుబంధంలో ఉండేది. ఎన్నికల పద్ధతి మార్చాలంటే మండలిలో మూడింట రెండు వంతులు, గవర్నర్ స్థానంలో వచ్చిన ముఖ్య కార్యనిర్వహణాధికారి సమ్మతి, ఆపైన బీజింగ్ ఆమోదం కావలసి ఉండేది. చట్టం 45, 68 అధికరణాలు సార్వజనీన ఓటును అంతిమ లక్ష్యంగా ప్రకటిస్తూనే, దాన్ని క్రమక్రమంగా, పద్ధతి ప్రకారం చేరాలన్నాయి. తమ స్థానాలు రద్దు చేసుకోవడానికి తామే చేతులెత్తాలని ఆ సగం సభను అడగడమన్నమాట. 1985లో బ్రిటిష్ ప్రభుత్వం సంధికాలపు ఏర్పాటుగా ప్రవేశపెట్టినది ఇలా శాశ్వత వీటో అయింది.

ఆ తరువాతి ఘట్టాలు మీకు చాలావరకు తెలిసినవే. 2003 జులై 1న భద్రతా చట్టం ప్రతిపాదనకు వ్యతిరేకంగా ఐదు లక్షల మంది నడిచారు. 2004 ఏప్రిల్‌లో చైనా పార్లమెంటు అయిన జాతీయ ప్రజా కాంగ్రెస్ స్థాయీ సంఘం, మార్పు అవసరమా కాదా అన్నది కూడా తానే ముందు తేల్చాలని వ్యాఖ్యానించింది. 2007 డిసెంబరులో, ముఖ్య కార్యనిర్వహణాధికారిని 2017లో ప్రజలే ఎన్నుకోవచ్చని చెప్పింది. 2010లో డెమొక్రటిక్ పార్టీ నాయకులు బీజింగ్ ప్రతినిధులతో నేరుగా చర్చించి, మండలికి పది స్థానాలు చేర్చే రాజీ కుదుర్చుకున్నారు. అందులో ఐదింటికి ఇతర వృత్తి ఓటు లేని ప్రతి ఓటరూ ఓటు వేయవచ్చు. ఆ రాజీ కోసం వారు సొంత మిత్రుల నుంచి ద్రోహులన్న నింద మోశారు. క్రమంగా సాగే సంస్కరణను నిజాయితీగా నమ్మినవారి చివరి విజయం అదేనని నేను అనుకుంటాను. 2014 ఆగస్టు 31 నాటి స్థాయీ సంఘం నిర్ణయం, ముఖ్య కార్యనిర్వహణాధికారి ఎన్నికలో అభ్యర్థులు ఇద్దరు ముగ్గురికి మించరాదని, వారికి నామినేషన్ సంఘంలో సగానికి పైగా సభ్యుల మద్దతు ఉండాలని చెప్పింది. దాని మీద 79 రోజుల గొడుగుల ఉద్యమం జరిగింది. 2015 జూన్ 18న ఆ ప్రతిపాదన మండలిలో 8–28 తేడాతో ఓడిపోయింది. ప్రజాస్వామ్యవాదులు దాన్ని ఒప్పుకుని ఉండవలసిందన్న వాదన ఉంది. ఓటు అందరిదీ, అభ్యర్థుల జాబితా మాత్రం మరొకరిదీ అయిన చోట, ఆ దశ నుంచి తరువాతి దశకు వెళ్లడానికి జనం చేతిలో ఏమి మిగిలేదో ఆ వాదన చేసేవారు చెప్పాలి.

నిందితులను చైనాకు అప్పగించే బిల్లుకు వ్యతిరేకంగా మొదలైన 2019 ఆందోళనల నడుమ, ఆ నవంబరులో జరిగిన జిల్లా కౌన్సిళ్ల ఎన్నికలలో 71 శాతం మంది ఓటు వేశారు. 18 కౌన్సిళ్లలో 17 ప్రజాస్వామ్యవాదుల చేతికి వచ్చాయి. 2020 జూన్ 30న జాతీయ భద్రతా చట్టం అమలులోకి వచ్చింది. 2021 మార్చి 30న బీజింగ్ స్థాయీ సంఘం ప్రాథమిక చట్టం అనుబంధాలను తిరగరాసి, మండలిని 90 స్థానాలకు పెంచి, నియోజకవర్గాల నుంచి ప్రత్యక్షంగా ఎన్నికయ్యేవారిని 35 నుంచి 20కి తగ్గించింది. నలభై స్థానాలను ఎలక్షన్ కమిటీ నింపుతుంది; అది ఎన్నికలు నిర్వహించే సంస్థ కాదు, సభ్యులను ఎంచుకునే ఒక పరిమిత బృందం. ప్రతి అభ్యర్థి అర్హతనూ ఒక పరిశీలక సంఘం ముందుగా ఆమోదించాలి. ఆ డిసెంబరు ఎన్నికలలో ఓటు వేసినవారు 30 శాతం. 2023 నాటికి జిల్లా కౌన్సిళ్లలోని 470 స్థానాలలో జనం నేరుగా ఎన్నుకునేవి 88 మిగిలాయి.

ముందుకు ఒక అడుగు వేయడానికి పదిహేనేళ్ల పాటు హాంకాంగ్ మండలిలో మూడింట రెండు వంతుల ఓట్లు వెతుక్కోవలసి వచ్చింది. వెనక్కి వెళ్లేటప్పుడు ఆ మండలి ఓటు అక్కరలేకపోయింది. ఆ నియమాన్నే అనుబంధం నుంచి తొలగించి, మార్చే అధికారాన్ని స్థాయీ సంఘానికే ఉంచారు. 45, 68 అధికరణాలలోని సార్వజనీన ఓటు అన్న లక్ష్యం మాత్రం మూల పాఠంలో అక్షరం మారకుండా అలాగే ఉంది, ఉమ్మడి ప్రకటనలో చెప్పిన యాభై ఏళ్లలో ఇంకా రెండు దశాబ్దాలకు పైగా మిగిలే ఉన్నాయి.